డాక్టరు కాని డాక్టరు

ఈసారి నేను విలియం కౌవెన్‌హోవెన్ గారి గురించి రాస్తున్నాను. గుండె డాక్టర్లందరికీ తెలిసిన పేరు. కానీ ఆయన డాక్టరు కాదు, కరెంటు ఇంజనీరు!

1886లో అమెరికాలోని బ్రూక్లిన్‌లో పుట్టారు. బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీలో ప్రొఫెసరు. 1920లలో అక్కడ స్తంభాలెక్కిన లైన్‌మన్లు షాక్ కొట్టి చనిపోతుంటే, సంగతేంటో చూడమని కరెంటు కంపెనీలు డబ్బులిచ్చాయి. ఆయన ఆ పనిలో దిగి మరి వదల్లేదు.

షాక్ కొడితే గుండె టక్కున ఆగిపోతుందని అనుకుంటాం. చాలాసార్లు జరిగేది వేరు. గుండె లయ తప్పి గిలగిలా వణుకుతుంది, రక్తం మాత్రం ముందుకు పోదు. నాలుగైదు నిమిషాల్లో మెదడు చెడిపోవడం మొదలౌతుంది. చంపిన కరెంటునే కొలత ప్రకారం మళ్ళీ ఇస్తే ఆ వణుకు ఆగి, గుండె దారికి రావచ్చు. నాకు ఇదే అన్నిటికన్నా వింతగా తోచింది. 1947లో క్లీవ్‌లాండ్‌లో క్లాడ్ బెక్ అనే సర్జన్ 14 ఏళ్ళ పిల్లవాణ్ణి, అంటే మన తొమ్మిదో తరగతి వాణ్ణి, ఇలాగే బతికించారు. కాని అప్పుడు ఛాతీ తెరిచి ఉంది. కోయకుండా పైనుంచే షాక్ ఇచ్చే యంత్రం కోసం కౌవెన్‌హోవెన్ గారు ఏళ్ళ తరబడి పాటుపడ్డారు.

1958లో ఆయన దగ్గర చదువుకునే గై నికర్‌బాకర్ ఒక సంగతి కనిపెట్టాడు. కుక్క ఛాతీ మీద యంత్రపు బరువైన పలకలను అదిమితే, షాక్ ఇవ్వకముందే, రక్తపోటు కాస్త పెరుగుతోంది. ఇంకొకరైతే కుర్రవాడి మాటలని కొట్టిపారేసేవారేమో! సర్జన్ జేమ్స్ జూడ్‌ను కలుపుకొని ముగ్గురూ ఎక్కడ నొక్కాలి, ఎంత నొక్కాలి అని పరీక్షించారు. 1960 జులైలో అచ్చయిన వారి వ్యాసంలోని 20 మంది రోగుల్లో 14 మంది బతికారు.

ఇప్పుడు పెద్దవాళ్ళకైతే ఛాతీ నడిమి ఎముక మీద నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 సెంటీమీటర్లకు తగ్గకుండా నొక్కమంటున్నారు. తర్వాత షాక్, ఆక్సిజన్, అడ్రినలిన్ ఇంజెక్షన్. గుండె కొట్టుకోగానే పని అయిపోదు. మెదడు దెబ్బతినకుండా, జ్వరం రానివ్వకుండా ఐసీయూలో కనిపెట్టుకొని ఉండాలి. అడవిపందులకు పెట్టిన కరెంటు తీగ తగిలి మన వైపు మనుషులు పోతున్నారు కదా, అందుకే ఇంత రాశాను. ముందు కరెంటు ఆపాలి. ఆపకుండా ముట్టుకుంటే ఇద్దరూ పోతారు.

1969లో, ఆయనకు 83 ఏళ్ళప్పుడు, జాన్స్ హాప్కిన్స్ వైద్య కళాశాల గౌరవ డాక్టరు పట్టా ఇచ్చింది. ఆ కాలేజీ అలాంటి పట్టా ఇవ్వడం అదే మొదలు. 1975లో కన్నుమూశారు.