చిలకమర్తి లక్ష్మీనరసింహం

‘గణపతి’ నవలతో తెలుగువారిని కడుపుబ్బ నవ్వించిన చిలకమర్తి లక్ష్మీనరసింహం 1867వ సంవత్సరం సెప్టెంబరు 26న గోదావరి ప్రాంతంలోని ఖండవల్లిలో జన్మించారు. చిన్ననాటి నుండి ఆయనకు చూపు సరిగా ఆనేది కాదు. దానికి తోడు రేచీకటి. రేచీకటి ఉన్నవారికి పొద్దు గూకితే తెలిసిన దారి కూడా కనిపించదు. ఎవరైనా చేయి పట్టుకొని నడిపించాలి. దీపం వెలుగులో చదువుకోవడం వారికి ఎంతో కష్టం.

అయినా లక్ష్మీనరసింహం చదువు మానలేదు. స్నేహితులు పుస్తకాలు చదివి వినిపిస్తే, శ్రద్ధగా విని గుర్తుంచుకొనేవారు. పెద్దయ్యాక ఉపాధ్యాయులయ్యారు. ‘గయోపాఖ్యానం’ నాటకంతో పేరు పొందారు. 1907లో బిపిన్ చంద్రపాల్ రాజమహేంద్రవరంలో ఆంగ్లంలో ప్రసంగించినప్పుడు, ఆ మాటలను తెలుగులో ప్రజలకు వినిపించింది ఆయనే. 1909లో అదే పట్టణంలో దళితుల పిల్లల కోసం పాఠశాల స్థాపించారు.

క్రమంగా చూపు పూర్తిగా పోయింది. ఆయన చెబుతూ ఉంటే ఇతరులు వ్రాసేవారు. తన జీవితకథను కూడా అలాగే చెప్పి వ్రాయించారు. చూపు కోల్పోయిన తరువాత కావ్యం చెప్పి వ్రాయించిన ఆంగ్లకవి మిల్టన్‌తో పోల్చి, ప్రజలు ఆయనను ‘ఆంధ్ర మిల్టన్’ అన్నారు. 1943లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ‘కళాప్రపూర్ణ’ బిరుదుతో గౌరవించింది. 1946 జూన్ 17న ఆయన మరణించారు.

చదవడానికి, వ్రాయడానికి ఆయన ఇతరుల సాయం తీసుకొన్నారు. అందుకు చిన్నబుచ్చుకోలేదు. కన్నులు, చేతులు ఇతరులవే అయినా, ఆలోచన, మాట, నిర్ణయం మాత్రం చివరివరకు ఆయనవే.