డేగల కొండను దక్కించుకున్న తల్లి

అమెరికాలోని పెన్సిల్వేనియాలో హాక్ మౌంటెన్ అనే కొండ ఉంది. సెప్టెంబరు నుంచి నవంబరు దాకా అక్కడి రాతిగుట్టల మీద కుటుంబాలు బైనాక్యులర్లతో కూర్చుని, దక్షిణానికి వలసపోయే డేగల్నీ గద్దల్నీ చూస్తుంటాయి. కొండవాలుకు తగిలి పైకి లేచే గాలి మీద ఆ పక్షులు రెక్క ఆడించకుండా సాగిపోతాయి. ఒక్కోసారి కళ్లెదురుగా, ఒక్కోసారి మన కాళ్ల కింద లోయలో.

ఒకప్పుడు అవే గుట్టల మీద తుపాకులు ఉండేవి. కోళ్లను ఎత్తుకుపోతాయని డేగలంటే జనానికి కోపం. 1929లో గోషాక్ అనే డేగను చంపితే 5 డాలర్లు ఇస్తామని రాష్ట్రం ప్రకటించింది. వేటగాళ్లు జాతి చూడలేదు, ఎగిరిన ప్రతిదాన్నీ కాల్చారు.

రోజలీ ఎడ్జ్ 1877లో న్యూయార్క్‌లో పుట్టారు. స్త్రీల ఓటు హక్కు కోసం పనిచేశారు. ఇద్దరు పిల్లల తల్లి. భర్తతో విడిపోయాక, నలభై దాటిన వయసులో సెంట్రల్ పార్కులో పక్షుల్ని గమనించడం మొదలుపెట్టారు. శాస్త్రం చదివిన మనిషి కాదు.

నేల మీద వరసగా పేర్చిన చచ్చిన డేగల ఫొటోలు 1933లో ఆమె కంట పడ్డాయి. ఆ కొండను ఏదైనా పెద్ద సంఘం కొంటుందేమోనని చూశారు. మరుసటి ఏడాదికీ ఎవరూ కదల్లేదు. అప్పుడు తానే 500 డాలర్లు అప్పు తెచ్చి, తర్వాత కొనుక్కునే హక్కుతో 1,400 ఎకరాలు లీజుకు తీసుకున్నారు. అప్పటికి ఆమెకు 56 ఏళ్లు. ఆ వయసులో మనింట్లో ఎవరైనా అప్పు చేసి కొండ తీసుకుంటానంటే ఏమంటామో చెప్పక్కర్లేదు!

కాపలాకు మారిస్ బ్రౌన్, ఆయన భార్య ఇర్మా వచ్చారు. జీతం వద్దన్నారు. తుపాకులతో వచ్చినవాళ్లను వెనక్కి పంపడం ఒక పనైతే, దాటిపోయే ప్రతి పక్షినీ లెక్క రాయడం మారిస్ పెట్టుకున్న ఇంకో పని. 1938లో రోజలీ ఆ కొండను ఒక సంఘానికి అప్పగించారు.

ఆ లెక్కల విలువ తర్వాత తెలిసింది. 1935-39లో అటుగా వెళ్లిన తెల్లతల గద్దల్లో 40 శాతం పిల్లపక్షులు. 1955-59కి అవి 20 శాతానికి పడిపోయాయి. పెద్దవి ఎగురుతూనే ఉన్నాయి, పిల్లలే పుట్టడం లేదు. డీడీటీ చేస్తున్న హానిని చూపడానికి రేచెల్ కార్సన్ ఈ అంకెల్ని సైలెంట్ స్ప్రింగ్ పుస్తకంలో వాడుకున్నారు. ఆ పుస్తకం 1962 సెప్టెంబరులో వచ్చింది. అదే ఏడాది నవంబరు 30న, 85వ ఏట రోజలీ కన్నుమూశారు. కొండ మీద పక్షుల లెక్క ఇప్పటికీ రాస్తూనే ఉన్నారు.