ఓరుగల్లు చివరి ప్రభువు ప్రతాపరుద్రుడు

విజయదశమి గెలిచినవారి పండుగ. ఈసారి మన పిల్లలకు ఓడిపోయిన ఒక తెలుగు రాజు కథ కూడా చెబుదాం. ఆయన కాకతీయ వంశంలో చివరివాడైన ప్రతాపరుద్రుడు.

రాణి రుద్రమదేవికి కొడుకులు లేరు. కూతురు ముమ్మడమ్మ కొడుకు ప్రతాపరుద్రుణ్ణి దత్తత తీసుకుని వారసుణ్ణి చేసింది. 1289లో ఆమె మరణించాక ఆయన ఓరుగల్లు సింహాసనం ఎక్కాడు. అమ్మమ్మ మీద తిరగబడ్డ అంబదేవుణ్ణి అణచాడు. రాయలసీమలో అడవులు కొట్టించి ఊళ్ళు నిలిపాడు, చెరువులు తవ్వించాడు. నాయకులకు గ్రామాలిచ్చి, ఆ ఆదాయంతో సైన్యాన్ని పోషించే నాయంకర పద్ధతిని గట్టిపరిచాడు. ఆస్థాన పండితుడు విద్యానాథుడు ఆయన పేరు మీదనే ప్రతాపరుద్రీయమనే అలంకార గ్రంథం సంస్కృతంలో రచించాడు.

1303లో ఢిల్లీ నుంచి వచ్చిన సైన్యాన్ని కాకతీయ సేనలు తిప్పికొట్టాయి. 1310లో మాలిక్ కాఫర్ ముట్టడికి మాత్రం తట్టుకోలేక, ప్రతాపరుద్రుడు ఏనుగులు, గుర్రాలు, ధనరాశులు ఇచ్చి సంధి చేసుకున్నాడు. ఏటా కప్పం కడతానని ఒప్పుకున్నాడు. 1320లో ఢిల్లీలో ఖిల్జీల పాలన ముగిసింది. ఆయన కప్పం ఆపేశాడు.

కొత్త సుల్తాను ఘియాసుద్దీన్ తుగ్లక్ తన కొడుకు ఉలుగ్ ఖాన్‌ను పంపాడు. ముట్టడి నెలల తరబడి సాగింది. ఇంతలో సుల్తాను చనిపోయాడన్న పుకారు పుట్టి, దండులో కలతలు రేగాయి. ఉలుగ్ ఖాన్ దేవగిరికి వెనుదిరిగాడు. ఓరుగల్లు ఊపిరి పీల్చుకుంది. గండం గడిచిందనుకుని కోటలో ధాన్యం నిల్వలు కూడా సరిగా చూసుకోలేదని చెబుతారు. కొద్ది నెలలకే ఉలుగ్ ఖాన్ కొత్త బలగంతో తిరిగి వచ్చాడు. 1323లో కోట లొంగిపోయింది. కాకతీయ రాజ్యం ముగిసింది.

బందీగా ఢిల్లీకి తీసుకుపోతుండగా నర్మదా తీరంలో ప్రతాపరుద్రుడు మరణించాడు. ఆయన తన ఇష్టంతోనే ప్రాణం విడిచాడని తర్వాతి కాలపు శాసనమొకటి సూచిస్తుంది. ఓరుగల్లుకు సుల్తాన్‌పూర్ అని పేరు మార్చారు. కోట నడుమ ఉన్న స్వయంభూ శివాలయం నేలమట్టమైంది.

అయితే ఆయన పెంచిన నాయక వ్యవస్థ చావలేదు. ముసునూరి ప్రోలయ నాయకుడు, ఆయన తర్వాత కాపయ నాయకుడు చెదిరిపోయిన నాయకులను కూడగట్టారు. 1336 ప్రాంతంలో కాపయ ఓరుగల్లును తిరిగి గెలిచాడు. కాకతీయ వంశం మాత్రం మళ్ళీ గద్దె ఎక్కలేదు.

దసరాకు మనం ఆయుధపూజ చేస్తాం. యుద్ధం లేని రోజున కూడా ఆయుధాన్ని తుడిచి, సిద్ధంగా ఉంచుకోమని మన పెద్దలు పెట్టిన ఆనవాయితీ అది. మొదటి ముట్టడి తొలగిన ఆ కొద్ది నెలల్లో ఓరుగల్లు మరిచింది దాన్నే.

ఈసారి ఇండియా వెళ్ళినప్పుడు పిల్లలను వరంగల్ కోటకు తీసుకెళ్ళండి. గుడి లేదు కానీ, దాని చుట్టూ నాలుగు దిక్కులా రాతి తోరణాలు ఇంకా నిలబడే ఉన్నాయి. వాటి కింద నిలబెట్టి ఈ కథ చెప్పండి.