ఆవా చెరసాల వాకిట ఆన్ జడ్సన్

మన బాప్టిస్టు సంఘములవారికి జడ్సన్ అను పేరు క్రొత్తది కాదు. ఆ దంపతుల పరిచర్యకు ఆధారముగా 1814లో అమెరికాలో ఏర్పడిన సంఘమే తరువాత శామ్యూల్ డే దొరగారిని తెలుగువారి యొద్దకు పంపెను. ఆయన 1840లో నెల్లూరు చేరెను. అయితే ఆదోనిరామ్ జడ్సన్‌గారిని ఎరిగినంతగా ఆయన భార్యయైన ఆన్ దొరసానమ్మను మనము ఎరుగము.

ఆమె 1789లో మసాచుసెట్సులోని బ్రాడ్‌ఫర్డులో జన్మించెను. 1812లో వివాహమైన వెంటనే భర్తతో కలకత్తాకు వచ్చెను. కుంపిణీవారు అక్కడ ఉండనియ్యనందున, తుదకు మద్రాసునుండి ఓడ యెక్కి 1813 జూలైలో వారు రంగూను చేరిరి. తొలి కుమారుని ఎనిమిది నెలల ప్రాయమున అక్కడనే పాతిపెట్టిరి.

1824లో ఇంగ్లీషువారికిని బర్మా రాజునకును యుద్ధము కలిగెను. తెల్లవారందరును వేగులవారే అని ఎంచి, రాజధానియైన ఆవాలో జూన్ 8న జడ్సన్‌గారిని పట్టి సంకెళ్లు వేసిరి. ఆన్ అప్పుడు గర్భవతి. ఐనను అధికారుల గడపలు త్రొక్కుట మానలేదు. భర్త జ్వరముతో పడియున్న ఒకనాడు ఆమె ఒక పెద్ద అధికారి యింటికి చాల దూరము నడిచి పోయెను. ఆయన మనవి త్రోసివేయుటయే గాక, ఆమె చేతిలోని పట్టు గొడుగును లాగుకొనెను. నడి మధ్యాహ్నపు ఎండ. కాగితపు గొడుగైన ఇమ్మని వేడుకొనగా, ఇంత బక్కపలుచని మనిషి సూర్యునికి కనబడదులే అని పరిహసించి పంపివేసెను.

1825 మేలో ఖైదీలను ఔంగ్‌పెన్‌లా అను పల్లెకు తరలించిరి. మూడు నెలల పసికందు మరియాను ఎత్తుకొని ఆన్ వెంబడించెను. చెరసాల కావలివాని యింట ధాన్యము పోసిన గదియే ఆమెకు నివాసమాయెను. ఆమె పెంచుచున్న బర్మా బాలికకు మశూచికము సోకగా, ఆన్ తన బిడ్డకును కావలివాని బిడ్డలకును టీకాలు వేసెను. వాని పిల్లలు ఆటలు మానకుండగనే కోలుకొనిరి. మరియాకు మాత్రము టీకా పనిచేయక మూడు నెలలకు పైగా బాధపడెను. తరువాత ఆన్ తానే మంచము పట్టి పాలు లేకపోయినప్పుడు, తండ్రి బిడ్డను ఇంటింటికి త్రిప్పి పాలిచ్చు తల్లులను బతిమాలవలసి వచ్చెను. ఆయనను బయటికి విడుచుటకు కావలివారు లంచము పుచ్చుకొనిరి. తమ పల్లె పిల్లలకు మేలు చేసిన చేతినుండియే పుచ్చుకొనిరి.

1826 ఫిబ్రవరి 24న యాందబోలో సంధి కుదిరెను. సేనాధిపతి క్యాంప్‌బెల్ బర్మా రాయబారులకు చేసిన విందులో ఆన్ ఆయన ప్రక్కన గౌరవస్థానమున కూర్చుండెను. ఆ గొడుగు అధికారి అక్కడనే యుండి, ఆమెను గుర్తించి గడగడ వణకెను. అది పశ్చాత్తాపము కాదు, తల పోవునను భయమే. క్షమించుమని ఆయన అడిగినట్లు ఎక్కడను కనబడదు. ఆమె ఆయన వైపు తిరిగి, భయపడనక్కరలేదని బర్మా భాషలో మెల్లగా చెప్పెను. ఒక్క మాట సేనాధిపతి చెవిని వేసిన చాలును, వేయలేదు.

క్షమించినవారు జరిగినదానిని నోట పలుకకూడదని మనలో కొందరందురు. ఆన్ ఆలాగు తలంచలేదు. ఆ మే నెలలోనే తన మరిదికి వ్రాసిన దీర్ఘలేఖలో సంకెళ్లను, లంచములను, మూసిన తలుపులను పూసగ్రుచ్చినట్లు తెలిపెను. దేనికిని ముసుగు వేయలేదు.

అదే సంవత్సరము అక్టోబరు 24న, భర్త దూరమున నుండగా, ఆమ్హెర్స్టులో జ్వరముతో కన్నుమూసెను. ఆరు నెలలకు మరియాను ఆమె ప్రక్కనే పాతిపెట్టిరి. జడ్సన్‌గారు బర్మావారిని విడిచి పోలేదు. 1834 జనవరి 31న వారి భాషలో బైబిలు తర్జుమా చివరి పుట ముగించెను.