ముసవ్వర్ జంగ్ రాజా దీనదయాళ్

ప్రతి యేట ఆగస్టు 19వ తేదీని ప్రపంచ ఛాయాచిత్ర దినంగా జరుపుకొంటారు. 1839లో ఆ రోజుననే ఫ్రెంచి చిత్రకారుడు దాగెర్ కనిపెట్టిన చిత్రవిధానాన్ని పారిస్ విద్వత్పరిషత్తు లోకానికి వెల్లడించినది. మన తెలంగాణలో అది వానలకాలం. ఆ సందర్భంగా జరిగే ఔత్సాహికుల పోటీకి చొప్పదండి విద్యార్థి యెవడైనా తన అవ్వను చూరుకింద కూర్చోబెట్టి ముసురులో చిత్రం తీశాడనుకొందాము. చిత్రం మసకగా వచ్చినది; ముఖం నల్లబడినది. దానిని ఫోనులోనే దిద్దుతాడు. కొంత వెలుగు పెంచగానే కళ్లు తేటపడతాయి. మరికొంత దిద్దేసరికి నుదుటి ముడతలు మాయమవుతాయి. ఇంకొంత దిద్దితే అవ్వయే మాయమవుతుంది. ఎక్కడ ఆగవలె? ఈ ప్రశ్న ఫోనుతో పుట్టినది కాదు. నూట ముప్పది యేండ్లకు పూర్వమే సికింద్రాబాదులో ఒక చిత్రశాలకు ఇది నిత్యం ఎదురయ్యేది. ఆ చిత్రశాల యజమాని రాజా దీనదయాళ్.

దీనదయాళ్ 1844లో మీరట్ సమీపాన సర్ధానా పట్టణంలో జన్మించారు. వారిది రత్నాల వర్తకం చేసే జైన కుటుంబం. రాళ్లలోని నీటిని, నగిషీలోని సన్నదనాన్ని చూచి విలువకట్టే ఇంట ఆయన కళ్లు తెరిచారు. అయితే కులవృత్తిలో నిలువక, రూర్కీలోని థామసన్ ఇంజనీరింగు కళాశాలలో చదివి, 1866లో ఇందూరు సంస్థానపు ప్రభుత్వ నిర్మాణశాఖలో ఉద్యోగంలో కుదిరారు. ఈ ఇందూరు మధ్యభారతంలోనిది. నిజామాబాదుకు పూర్వనామమైన మన ఇందూరు కాదు. అక్కడ ఆయన పని కట్టడాల పటాలు గీయడం, ఖర్చుల అంచనాలు కట్టడం.

కెమెరా ఆయన చేతికి వచ్చేసరికి ముప్పదియేండ్లు నిండాయి. 1874లో, ఉద్యోగం చేసుకొంటూనే, తీరికవేళల వ్యాసంగంగా చిత్రాలు తీయడం ఆరంభించారు. అంటే ఆయన కూడ తొలుత ఔత్సాహికుడే. ఇందూరు మహారాజు రెండవ తుకోజీరావు హోల్కరు, గవర్నరు జనరలు ప్రతినిధి సర్ హెన్రీ డేలీ ఆయనను ప్రోత్సహించారు. 1875-76లో వేల్సు యువరాజు భారతదేశ పర్యటనకు వచ్చినప్పుడు ఆయన చిత్రాలు తీసే అవకాశం దీనదయాళుకు లభించినది. 1882లో సర్ లెపెల్ గ్రిఫిన్ వెంట బుందేల్‌ఖండ్ ప్రాంతమంతా తిరిగి కోటలను, దేవాలయాలను చిత్రించారు. అవి 1886లో గ్రంథంగా వెలువడ్డాయి. 1885లో రాజప్రతినిధికి ఛాయాగ్రాహకుడిగా నియమితులైనారు. పటాలు గీసిన చేయి కాబట్టి ఆయన కట్టడపు చిత్రాల్లో స్తంభం నిలువుగా నిలుస్తుంది, గోడ వంగదు. చాలమంది తొలితరం వారికి ఈ క్రమశిక్షణ లేదు.

సర్కారు కొలువు మాని ఆయన దక్కనుకు వచ్చారు. 1886లో సికింద్రాబాదులో చిత్రశాల తెరిచారు. అప్పటి నిజాము ఆరవ ఆసఫ్‌జా మహబూబ్ అలీఖాన్. ఆ ప్రభువు దర్బారులు, విందులు, సైనిక విన్యాసాలు, వేటలు ఇవాళ మన కంటికి కనబడుతున్నవంటే అది చాలవరకు దీనదయాళ్ చలవ. 1894లో నిజాము ఆయనకు రాజా బహద్దూర్ ముసవ్వర్ జంగ్ అని బిరుదిచ్చాడు. ముసవ్వర్ అంటే చిత్రకారుడు. కత్తిపట్టిన వీరులకు ఇచ్చే జంగ్ అనే మాట కెమెరా పట్టినవానికి దక్కడం విశేషం.

ఆనాటి చిత్రశాలలో పని ఎట్లుండెడిదో తెలిసికొంటే గాని ఈ బిరుదు వెనుకనున్న శ్రమ బోధపడదు. విద్యుద్దీపాలతో చిత్రాలు తీసే రోజులు కావవి. వెలుగంతా ఆకాశానిదే. ఆ కాలపు చిత్రశాలలకు గాజుపైకప్పు పెట్టి, దానికింద తెల్లని తెరలు జరుపుకొనేవారు. తీక్షణమైన ఎండ ముఖంమీద పడితే కనుబొమ్మల కింద, ముక్కు కింద నల్లని నీడలు ఏర్పడతాయి. తెర ఆ ఎండను చెదరగొట్టి మెత్తబరుస్తుంది. మేఘం చేసే పనీ అదే. చిత్రశాలలోని తెల్లతెర మనిషి కల్పించుకొన్న మబ్బు. ఈ విధంగా చూస్తే ముసురుపట్టిన పగలు ముఖచిత్రానికి శత్రువు కాదు, మిత్రమే.

కాని ఆ మిత్రుని వల్ల చిక్కులూ ఉండేవి. వెలుగు తగ్గితే గాజుపలకను ఎక్కువసేపు తెరిచి ఉంచవలె. అంతసేపు కూర్చున్నవారు కదలరాదు. పసిపిల్లలను తీయడం ఆ రోజుల్లో సాహసమే. గాజుపలకపై వచ్చిన బొమ్మను కాగితానికి ఎక్కించవలెనన్నా ఎండలోనే పెట్టవలె. వానలు పట్టాయంటే అచ్చులు ఆలస్యమే. పలకలపై పూసే జిలాటిను తేమకు మెత్తబడుతుంది, బూజు పడుతుంది. దీనదయాళ్ తొలుత పలకకు అప్పటికప్పుడు మందు పూసి తడిగా ఉండగానే తీసే కొల్లోడియన్ పద్ధతిని సాధించి, తరువాత పొడిపలకలు వచ్చాక వాటికి మారారు. రెండింటి కష్టాలూ ఎరిగినవారు.

ఇక దిద్దే విషయం. ఇక్కడ విద్యార్థులు గమనింపదగిన శాస్త్రవిషయం ఒకటి ఉన్నది. ఆ నాటి పలకలకు నీలిరంగు వెలుగు బాగుగా అంటేది. ఎరుపు దాదాపు అంటేది కాదు. కనుక నీలితలపాగా తెల్లబారేది, ఎర్రని కుంకుమబొట్టు నల్లని చుక్క అయ్యేది. చామనచాయ ముఖం ఉన్నదానికన్న నల్లగా పడేది. చర్మంమీది ఎర్రని మచ్చ, కంటికి ఆననంత చిన్నదైనా, చిత్రంలో కాటుకబొట్టువలె కనబడేది. అంటే అబద్ధం ముందుగా ఆడినది పలకయే. దిద్దేవాని మొదటి పని ఆ అబద్ధాన్ని సరిచేయడం. దానిని మోసమనడం న్యాయం కాదు.

దిద్దేవాడు గాజుపలకను ఏటవాలు బల్లమీద వెలుగుకు అడ్డంగా నిలిపి, దానిపై పలుచని వార్నీషు పూసి, సూదివలె చెక్కిన పెన్సిలుతో చుక్కలు పెట్టేవాడు. పలకమీద వెలుగునీడలు తారుమారుగా ఉంటాయి గనుక, పెన్సిలు నలుపు పడినచోట కాగితంపై తెలుపు వస్తుంది. మచ్చలు, ముడతలు అట్లు తేలికపడేవి. నలుపు కావలెనంటే సన్నని కత్తితో గోకవలె. గోకినది తిరిగి రాదు. ఇప్పటి విద్యార్థి దిద్దుబాటు నచ్చకపోతే వెనుకకు పోగలడు; ఆనాటివానికి ఆ సౌకర్యం లేదు. అందుచేత చేయి వేయడానికి ముందు బాగుగా ఆలోచించవలసి వచ్చేది.

అందరూ ఆలోచించారని కాదు. గిరాకీకోసం ముఖాలను పింగాణీబొమ్మల చెంపలుగా నునుపుచేసిన చిత్రశాలలు ఆనాడు దేశదేశాల్లో ఉండేవి. దీనదయాళ్ చిత్రశాలలోనూ రంగులు పూసిన చిత్రాలు తయారయ్యేవి. ప్రభువులు, అమీరులు కోరేది అందమే కదా. అయినా ఆయన మంచి చిత్రాలను పరికిస్తే జరీఅంచు, నగలోని రాయి, గడ్డపు వెంట్రుక దేనికది విడిగా తెలుస్తాయి. రత్నవర్తకుని కొడుకు కన్ను అది. మనిషిని గుర్తుపట్టే రేఖలను చెరపడం ఆ కంటికి సహించినట్లు లేదు.

1892లో ఆయన హైదరాబాదులో జనానా చిత్రశాలను తెరిచారు. ఘోషాస్త్రీలకోసం ఎత్తైన గోడలతో కట్టిన ఆ శాలలో అందరూ స్త్రీలే పనిచేసేవారు. కెన్నీ లెవిక్ అనే ఆంగ్లవనిత దానికి అధికారిణి. పరపురుషుని కంట పడరాని ముఖం చిత్రంలో నిలవడానికి ఆ యేర్పాటు దారి చూపినది. చిత్రాల సంఖ్య పెరిగినకొద్దీ ప్రతి పలకకూ సంఖ్య వేయించి భద్రపరిచారు. 1893లో చికాగో ప్రపంచ ప్రదర్శనలో ఆయన చిత్రాలకు బహుమతి లభించినది. 1896లో బొంబాయిలో మరొక శాల వెలసినది. విక్టోరియా రాణికి ఛాయాగ్రాహకుడనే గౌరవమూ దక్కినది.

రాచచిత్రాల్లో మిక్కిలి పేరుపొందినది మన ఉత్తర తెలంగాణలో తీసినదే. 1902లో వైస్రాయి కర్జన్ ప్రభువు, ఆయన భార్య వరంగల్ ప్రాంతపు నెక్కొండ సమీపాన వేటాడినప్పుడు, చంపిన పులితో వారు నిలిచిన చిత్రాన్ని దీనదయాళ్ తీశారు. ఆ చిత్రంలో దొరల ఠీవి ఉన్నది. అడవికి వెలియెత్తిన మనుషులు, పులిని తోలుకొచ్చిన వేటకాండ్రు అటువంటి చిత్రాల్లో మూలకు ఒదిగిపోతారు. చిత్రాన్ని దిద్దడం పెన్సిలుతోనే కాదు, ఎవరిని నడుమ నిలపవలెనని నిర్ణయించడంలోనూ ఉన్నదని దీనివల్ల తెలుస్తుంది.

ఆస్థాన ఛాయాగ్రాహకునికి ఇది తప్పనిసరి. ఆయన జీతం దర్బారుది. కాని 1899-1900 కరువుకాలంలో నిజాము రాజ్యంలోని ఔరంగాబాదు ప్రాంతంలో తీసిన చిత్రాలు వేరు. సర్కారు చేసిన సహాయాన్ని చాటడానికే ఆ పని ఆయనకు అప్పగించారు. బారులు తీర్చి కూర్చోబెట్టిన జనాన్ని చూస్తే ఆ ఉద్దేశం దాగదు. అయినా ఎముకలు తేలిన ఆ దేహాలను చిత్రించిన తరువాత సర్కారు కోరినదానికన్న ఎక్కువే అందులో పడినది. అమీరుల బుగ్గలను నునుపుచేసే విద్య తెలిసిన చిత్రశాలనుండి, లోతుకుపోయిన బుగ్గలు ఉన్నవి ఉన్నట్లే బయటికి వచ్చాయి. దర్బారు చిత్రాలన్నీ ఒకయెత్తు, ఈ కొద్దిపాటి చిత్రాలు ఒకయెత్తు.

జ్ఞానచంద్, ధర్మచంద్ అనే కుమారులు ఇద్దరూ తండ్రి వృత్తిలోనే పెరిగారు. ధర్మచంద్ 1904లో మరణించాడు. మరుసటి యేడు, 1905 జూలై 5న, దీనదయాళ్ కన్నుమూశారు. అది ఆషాఢమాసం. చొప్పదండి ఉన్న ఎలగందుల జిల్లా కరీంనగర్ జిల్లాగా మారినదీ ఆ యేడే.

ఆయన గాజుపలకల్లో కాలానికి, తేమకు, అజాగ్రత్తకు పోయినవి పోగా, మిగిలినవాటిలో 2,857 పలకలను 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం సేకరించినది. 2006లో తపాలాశాఖ ఆయన పేర బిళ్ల వెలువరించినది. పలకలను తేమ తగలని గదిలో, వానగాలి సోకకుండ భద్రపరుస్తున్నారు.