సిటీ పోలీస్ జట్టు, జకార్తా స్వర్ణం... హైదరాబాద్ మాస్టారు రహీం సాబ్ జీవితం

ఇప్పటి పిల్లల్ని మీ ఫుట్‌బాల్ క్లబ్ ఏదని అడిగితే రియల్ మాడ్రిడ్ అంటారు, లేదంటే మాంచెస్టర్ యునైటెడ్ అంటారు. వాళ్ల తాతలను అడిగి ఉంటే హైదరాబాద్ సిటీ పోలీస్ అని చెప్పేవాళ్లు. 1950లలో దేశంలో ఈ జట్టంటే పెద్ద పెద్ద కలకత్తా క్లబ్బులకు కూడా గుబులే. ఆ జట్టు వెనుక ఉన్న మనిషి సయ్యద్ అబ్దుల్ రహీం. శిష్యులకూ అభిమానులకూ ఆయన రహీం సాబ్.

ఆయన 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో పుట్టారు. మూసీ వరద ఊరిని ముంచేసి అప్పటికింకా ఏడాది కూడా కాలేదు. చదువులో చురుకు. ఉస్మానియా యూనివర్సిటీలో చదివి డిగ్రీ తీసుకున్నారు. యూనివర్సిటీ జట్టుకు ఫుట్‌బాల్ కూడా ఆడారు. ఆ తర్వాత ఊళ్లోని ఖమర్ క్లబ్ తరఫున స్థానిక లీగ్‌లో ఆడారు.

బతుకుదెరువు మాత్రం బడి పంతులు ఉద్యోగం. కాచిగూడ మిడిల్ స్కూల్, ఉర్దూ షరీఫ్ స్కూల్, దారుల్ ఉలూమ్ హైస్కూల్, చాదర్‌ఘాట్ హైస్కూల్... ఇలా నగరంలోని బడుల్లో పాఠాలు చెప్పారు. వ్యాయామ విద్యలో డిప్లొమా కూడా చేశారు. క్లాసులో ఏ పిల్లాడికి ఏది రావట్లేదో కనిపెట్టి, అదే పదిసార్లు చేయించే అలవాటు ఆయనది. ఈ మాస్టారి బుద్ధే తర్వాత మైదానంలో పనికొచ్చింది.

ఎడమ కాలితోనే ఆడాలి

1940ల మొదట్లో హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ సెక్రటరీ బాధ్యత ఆయన చేతికొచ్చింది. అప్పట్లో మన దగ్గర ఆటగాళ్లకు కొదవ లేదు. బార్కస్ నుంచి బొల్లారం దాకా గల్లీ గల్లీలో బంతి ఆడేవాళ్లే. అయితే బంతి దొరికిందంటే చాలు, ఒక్కడే ఐదారుగురిని తప్పించుకుంటూ పోవడమే గొప్ప అనుకునే రోజులవి. పక్కవాడికి పాస్ ఇవ్వడం తక్కువతనంగా భావించేవాళ్లు.

రహీం సాబ్ ఈ అలవాటును తిట్టి మాన్పించలేదు, కొత్త రకం పోటీలు పెట్టి మాన్పించారు. డ్రిబ్లింగ్ చేయకూడదనే నిబంధనతో ఒక టోర్నీ, బలహీనమైన కాలితోనే బంతి తన్నాలని ఇంకో టోర్నీ. కుడికాలి ఆటగాడు ఎడమ కాలితో ఆడాల్సిందే. ఎత్తు తక్కువ ఉన్న పిల్లలకు విడిగా పోటీలు. మొదట్లో నవ్వుకున్నవాళ్లు కూడా రెండు మూడు సీజన్లు గడిచేసరికి ఫలితం చూశారు. హైదరాబాద్ కుర్రాళ్లు రెండు కాళ్లతో ఆడుతున్నారు. బంతి వచ్చిన వెంటనే పక్కవాడికి ఇచ్చేసి ఖాళీ జాగాలోకి పరుగెత్తుతున్నారు.

రోవర్స్ కప్ ఐదేళ్లు మనదే

1950లో ఆయన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు కోచ్ అయ్యారు. చనిపోయేదాకా ఆ జట్టును వదల్లేదు.

ఆ రోజులు ఎలాంటివో గుర్తు చేసుకోవాలి. 1948 సెప్టెంబర్‌లో పోలీస్ యాక్షన్ జరిగి రెండేళ్లే అయింది. సంస్థానం ఇండియన్ యూనియన్‌లో కలిసిపోయింది. ఎన్నో ముస్లిం కుటుంబాలు ఉద్యోగాలు పోగొట్టుకుని, అయినవాళ్లను పోగొట్టుకుని, రేపెలా ఉంటుందోనన్న బెంగతో ఉన్నాయి. కొందరు ఊరు వదిలి వెళ్లిపోయారు. అలాంటి సమయంలో బొంబాయి నుంచి, ఢిల్లీ నుంచి మన జట్టు గెలిచిందన్న కబురు రావడమంటే మామూలు సంగతి కాదు. నూర్, అజీజుద్దీన్, జమాల్, లాయఖ్, మోయిన్, సూసే... ముస్లింలు, హిందువులు, క్రైస్తవులు కలిసి ఆడిన జట్టది. హైదరాబాద్ పేరు దేశమంతా గౌరవంగా వినిపించేలా చేసింది వీళ్లే.

1950లో ఈ జట్టు బొంబాయి వెళ్లి రోవర్స్ కప్ గెలిచింది. 1951లో మళ్లీ గెలిచింది. 1952, 1953, 1954లోనూ కప్పు హైదరాబాద్‌కే వచ్చింది. వరుసగా ఐదేళ్లు. ఆ తర్వాత ఆ టోర్నీ ఎన్నో దశాబ్దాలు నడిచినా ఆ రికార్డును ఎవరూ అందుకోలేకపోయారు.

అభిమానులు ఎక్కువగా చెప్పుకున్న మ్యాచ్ మాత్రం 1950 డ్యూరాండ్ కప్ ఫైనల్. దేశ విభజన తర్వాత ఢిల్లీలో ఆ టోర్నీ మళ్లీ మొదలైన సంవత్సరమది. అంతకుముందు 1940లో మహమ్మడన్ స్పోర్టింగ్ దాన్ని గెలిచి, డ్యూరాండ్ అందుకున్న తొలి భారతీయ జట్టుగా పేరు తెచ్చుకుంది. ఇప్పుడు ఫైనల్లో హైదరాబాద్ పోలీస్‌కు ఎదురుగా నిలిచింది మోహన్ బగాన్. మొదటి ఆట 2-2తో తేలకుండా పోయింది. మళ్లీ ఆడించారు. ఈసారి 1-0తో హైదరాబాద్ గెలిచింది. పోలీస్ జట్టు ఒకే సీజన్‌లో రోవర్స్, డ్యూరాండ్ రెండూ ఎత్తుకొచ్చింది. 1954లో మరోసారి, 1957లో ఇంకోసారి అలాగే రెండు కప్పులూ తెచ్చింది. రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీని కూడా హైదరాబాద్ జట్టు 1956, 1957 సీజన్లలో వరుసగా గెలుచుకుంది.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక జట్టు పేరు ఆంధ్రప్రదేశ్ పోలీస్ అయింది. పేరు మారినా ఆట మారలేదు. 1960లో రోవర్స్, 1961లో మోహన్ బగాన్‌నే ఓడించి డ్యూరాండ్ గెలిచారు.

అమ్ముగూడ కుర్రాడు

రహీం సాబ్ కన్ను పడితే గల్లీ ఆటగాడు కూడా దేశానికి ఆడేవాడు. సికింద్రాబాద్ అమ్ముగూడలో పేద ఇంట్లో పుట్టిన తులసీదాస్ బలరాం అలా దొరికిన కుర్రాడే. ప్రాక్టీస్ కోసం రోజూ అమ్ముగూడ నుంచి నగరానికి రావడానికి అతని దగ్గర డబ్బుల్లేవు. సైకిల్ కిరాయికి రహీం సాబే తన జేబులోంచి ఇచ్చేవారు. ఆ కుర్రాడు రెండు ఒలింపిక్స్ ఆడాడు, ఏషియన్ గేమ్స్ స్వర్ణం తెచ్చాడు. దేశం చూసిన గొప్ప ఫార్వర్డ్‌లలో ఒకడిగా నిలిచి, 2023లో కన్నుమూశాడు.

ఇక్కడ ఒక బాధ కూడా ఉంది. మన దగ్గర తయారైన ఆటగాళ్లను కలకత్తా క్లబ్బులు పిలిచి తీసుకుపోయేవి. పోలీస్ జట్టు కానిస్టేబుల్ ఉద్యోగం ఇవ్వగలదు కానీ, ఆ క్లబ్బులతో పోటీపడి డబ్బు ఇవ్వలేదు. బలరాం 1957లో ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లాడు. ఒకరు పోతే రహీం సాబ్ ఇంకొకరిని తయారు చేసుకునేవారు. ఆయన ఉన్నన్నాళ్లు ఆ లోటు తెలియలేదు.

పది గోల్స్ ఓటమి

జాతీయ జట్టు బాధ్యత కూడా ఆయనకే ఇచ్చారు. 1951లో ఢిల్లీలో తొలి ఏషియన్ గేమ్స్ జరిగాయి. ఫైనల్లో ఇరాన్‌పై మేవాలాల్ కొట్టిన ఒకే ఒక్క గోల్‌తో భారత్ స్వర్ణం గెలిచింది.

ఏడాది తిరిగేసరికి కాలం తలకిందులైంది. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 1-10 తేడాతో ఓడిపోయాం. మన ఆటగాళ్లలో చాలామంది వట్టి కాళ్లతో ఆడారు. ఆ దెబ్బతో బూట్లు వేసుకోవడం తప్పనిసరి చేశారు. కోచ్‌గా ఆ ఓటమి మచ్చ రహీం సాబ్‌కూ అంటింది. ఆయన సాకులు వెతుక్కోలేదు. యూరప్ జట్లు ఎలా నిలబడుతున్నాయో, ఎలా కదులుతున్నాయో చదివారు, చూశారు. ముగ్గురు డిఫెండర్లతో ఆడే పాత పద్ధతి నుంచి మన జట్టును మెల్లగా 4-2-4 పద్ధతి వైపు నడిపించారు.

ఫలితం 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో కనిపించింది. ఆతిథ్య ఆస్ట్రేలియాను వాళ్ల గడ్డ మీదే 4-2తో ఓడించాం. నెవిల్ డిసౌజా హ్యాట్రిక్ కొట్టాడు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో సెమీఫైనల్ చేరిన మొదటి ఆసియా జట్టు మనదే. సెమీస్‌లో మళ్లీ అదే యుగోస్లావియా. మొదటి గోల్ మనవాళ్లే కొట్టారు. ఆ తర్వాత నిలబడలేక 1-4తో ఓడారు. చివరికి నాలుగో స్థానం. ఆ జట్టులో నూర్ మహ్మద్, అజీజుద్దీన్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్, బలరాం... ఇంతమంది హైదరాబాద్ వాళ్లు ఉన్నారు.

1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఫ్రాన్స్‌ను 1-1తో నిలువరించారు. బలమైన హంగరీకి 1-2తో మాత్రమే తలవంచారు. రహీం సాబ్ కొడుకు సయ్యద్ అబ్దుల్ హకీం కూడా ఆ జట్టుతో రోమ్ వెళ్లాడు. అయితే ఆడే పదకొండు మందిలో అతనికి చోటు రాలేదు. కోచ్ కొడుకన్న సంగతి అక్కడ లెక్కలోకి రాలేదు.

జకార్తా సాయంత్రం

1962లో జకార్తా ఏషియన్ గేమ్స్ వచ్చేనాటికి రహీం సాబ్ ఒంట్లో ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉంది. మనిషి తగ్గిపోయారు, దగ్గు వదలట్లేదు. అయినా జట్టుతో వెళ్లారు.

మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 0-2 ఓటమి. తర్వాత థాయ్‌లాండ్‌పై 4-1తో గెలిచినా, డిఫెన్స్‌కు గోడలాంటి జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. జపాన్‌ను 2-0తో ఓడించి సెమీస్‌కు చేరారు. తలకు దెబ్బ తగిలిన డిఫెండర్‌ను వెనక పెడితే ప్రమాదం, పక్కన పెడితే జట్టుకు నష్టం. రహీం సాబ్ ఎవరూ ఊహించని పని చేశారు. జర్నైల్‌ను ముందుకు తెచ్చి ఫార్వర్డ్‌గా ఆడించారు. దక్షిణ వియత్నాంపై సెమీస్‌లో జర్నైల్ గోల్ కొట్టాడు, భారత్ 3-2తో ఫైనల్‌కు చేరింది.

సెప్టెంబర్ 4న ఫైనల్. ఎదురుగా మళ్లీ దక్షిణ కొరియా. బయట పరిస్థితి బాగాలేదు. ఆ పోటీలకు ఇజ్రాయెల్, తైవాన్ ఆటగాళ్లను ఇండోనేషియా రానివ్వలేదు. దాన్ని భారత ప్రతినిధి గురుదత్ సోంధి తప్పుపట్టారు. దాంతో జకార్తా జనం భారత్‌పై మండిపడ్డారు. లక్ష మంది దాకా కూర్చున్న స్టేడియంలో మనవాళ్లు బంతి తాకితే చాలు గోల చేశారు. ఆ గోలలో మన జట్టు వైపు నిలిచి చప్పట్లు కొట్టినవాళ్లలో పాకిస్తాన్ హాకీ ఆటగాళ్లు ఉన్నారు. ఈ సంగతి ఆనాటి ఆటగాళ్లు జీవితాంతం చెప్పుకున్నారు.

ముందురోజు రాత్రి రహీం సాబ్ ఆటగాళ్లను దగ్గర కూర్చోబెట్టుకుని, తనకు కానుకగా ఆ స్వర్ణం ఇవ్వమని అడిగారని చెబుతారు. ఫ్లూతో బలహీనంగా ఉన్న గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్‌నే ఫైనల్‌కు దింపారు. తలకు గాయమైన జర్నైల్ మళ్లీ ముందు వరసలోనే. పక్కన చునీ గోస్వామి, పీకే బెనర్జీ, బలరాం, మన పోలీస్ జట్టు యూసుఫ్ ఖాన్. 17వ నిమిషంలో పీకే గోల్ కొట్టాడు. 20వ నిమిషంలో జర్నైల్ రెండోది కొట్టాడు. చివర్లో కొరియా ఒకటి తిరిగి ఇచ్చినా 2-1తో స్వర్ణం భారత్‌దే అయింది. ఇన్నేళ్లు గడిచినా ఏషియన్ గేమ్స్ ఫుట్‌బాల్‌లో భారత్‌కు ఇంకో స్వర్ణం రాలేదు.

ఉస్తాద్ వెళ్లిపోయాక

తొమ్మిది నెలలకే, 1963 జూన్ 11న రహీం సాబ్ ఇంతిఖాల్ అయ్యారు. వయసు 53 ఏళ్లు. ఆ సంవత్సరం కూడా ఆంధ్రప్రదేశ్ పోలీస్ రోవర్స్ కప్ గెలిచింది. ఆయన నాటిన చెట్టు కాసిన కాయలు అవి. మెల్లమెల్లగా ఆ కాపు తగ్గింది. ఆటగాళ్లు వెళ్లిపోవడం ఆగలేదు, కొత్తవాళ్లను వెతికి పట్టే కన్ను లేకపోయింది. గల్లీల్లో బంతి స్థానంలోకి బ్యాటు వచ్చింది. 1960 తర్వాత భారత ఫుట్‌బాల్ జట్టు ఒలింపిక్స్ గడప తొక్కలేదు.

కోచ్‌లకిచ్చే ద్రోణాచార్య అవార్డు 1985లో మొదలైంది. అప్పటికి రహీం సాబ్ పోయి 22 ఏళ్లు. కొడుకు హకీం ఎయిర్‌ఫోర్స్‌లో స్క్వాడ్రన్ లీడర్‌గా పనిచేశారు, అంతర్జాతీయ రిఫరీ అయ్యారు, 2017లో ధ్యాన్‌చంద్ అవార్డు అందుకున్నారు. 2021లో ఆయనా వెళ్లిపోయారు. 2024లో మైదాన్ సినిమా వచ్చాకే దేశంలో చాలామందికి రహీం సాబ్ పేరు తెలిసింది.

అది సినిమా కథ. అసలు కథ చాదర్‌ఘాట్, కాచిగూడ బడుల్లో మొదలైంది. జీతం రాళ్లతో ఇల్లు నడుపుకునే ఒక మాస్టారు, పేదింటి పిల్లలకు రెండో కాలితో కూడా బంతి తన్నడం నేర్పి, ఆసియా అంతటినీ గెలిచేలా చేశారు. నేడు బార్కస్‌లో, మల్లేపల్లిలో సాయంత్రం బంతి వెంట పరుగెత్తే పిల్లలకు రొనాల్డో పేరు తెలుసు, మెస్సీ పేరు తెలుసు. రహీం సాబ్ పేరు, 1950 డ్యూరాండ్ ఫైనల్ కథ, జకార్తా సాయంత్రం కథ వాళ్లకు చెప్పాల్సింది మాత్రం ఇంట్లోని పెద్దవాళ్లే. అల్లాహ్ మర్హూం రహీం సాబ్‌ను మగ్ఫిరత్‌తో కరుణించుగాక.