కూలీల కోసం సముద్రం దాటిన దైవజనుడు జాన్ రంగయ్య గారు



డ్యూటీ ముగించుకుని రూముకు చేరారా? రెండు నిమిషాలు ఈ దైవజనుని జీవితం చదవండి. మీలాగే పొట్టకూటి కోసం పరదేశం వెళ్లిన మనవాళ్ల దగ్గరకు, సువార్త కోసం వెళ్లినవారు ఈయన.

మిషనరీ అంటే తెల్లదొర అనే అనుకుంటాం. నెల్లూరులో బాప్తిస్టు సేవ ప్రారంభించింది దొరగారే, నిజమే. 1840లో శామ్యూల్ డే గారు అక్కడ పని మొదలుపెట్టారు. ఏళ్లు గడిచినా ఫలం కొంచెమే. ఈ సేవను ఆపేద్దామా అని అమెరికాలోని పెద్దలు ఒకటికి రెండుసార్లు ఆలోచించారు. దేవుడు ఆపనివ్వలేదు. 1878 జూలై 3న ఒంగోలు ప్రాంతంలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వాళ్లలో ఎక్కువమంది ఊరి బయట బతికే పేదలు.

అప్పటికే 1860 నుండి మన కూలీలు మద్రాసు రేవులో ఓడెక్కి, దక్షిణాఫ్రికాలోని నెటాల్ చెరకు తోటలకు వెళ్తున్నారు. ఐదేళ్ల ఒప్పందం. మొదటి ఏడాది నెలకు పది షిల్లింగుల జీతం. సెలవు చీటీ లేకుండా తోట దాటకూడదు. వాళ్లలో విశ్వాసులూ ఉన్నారు, యేసు పేరు ఎన్నడూ విననివారూ ఉన్నారు. తెలుగులో వాక్యం చెప్పే కాపరి మాత్రం లేడు.

ఆ భారం మన తెలుగు సంఘాలే మోశాయి. 1903లో తెలుగు బాప్తిస్టు హోమ్ మిషన్ సొసైటీ జాన్ రంగయ్య గారిని నెటాల్‌కు పంపింది. చూశారా? సువార్త అందుకున్న సంఘం, సువార్తికుణ్ణి పంపే సంఘమైంది. అదే సంవత్సరం డిసెంబరులో కియర్స్నీ టీ తోట దగ్గర తెలుగు బాప్తిస్టు సంఘం ఏర్పడింది. తర్వాత ఇతర తోటల్లోనూ సంఘాలు లేచాయి. 1915లో ఆయన ప్రభువునందు నిద్రించారు. సేవ చేసింది పన్నెండేళ్లే, కానీ ఆ పని ఆయనతో ఆగలేదు.

ప్రియ సహోదరుడా, ఒక్క మాట గమనించు. రంగయ్య గారికంటే ముందే ఆ తోటల్లో విశ్వాసులైన కూలీలున్నారు. పాస్టరుగారు వెళ్లలేని చోటికి దేవుడు ముందుగా పనివాణ్ణే పంపుతాడు. నీ పక్క మంచం మీద నేపాలీ, బంగ్లాదేశీ, ఇంకెవరైనా ఉండొచ్చు. ఆయనకు సువార్త తెలిసిన మనిషివి నువ్వొక్కడివే కావచ్చు.

అంటే వాదనలు పెట్టుకోమని కాదు, ఉన్న దేశం చట్టం మీరమనీ కాదు. ఎవరినీ బలవంతపెట్టొద్దు. జ్వరమొస్తే గంజి కాచి ఇవ్వు. ఇంటికి డబ్బు పంపలేక కుమిలిపోతుంటే పక్కన కూర్చో. నీకు ఈ ఓర్పు ఎక్కడిదని ఆయన అడిగిన రోజున, దాచకుండా చెప్పు.

ఈ రాత్రి ఆయన పేరు పెట్టి ప్రార్థించి పడుకో. దేవుడు మిమ్మును దీవించును గాక. ఆమేన్.